జనవరి రెండో తేదీ

(సత్తుపల్లిలో చేసిన బిషప్ అజరయ్య స్మారకోపన్యాసం)



అజరయ్య గారు 1945 జనవరి 1న దోర్నకల్‌లో ప్రభువు సన్నిధికి వెళ్లారు. మనకు ఆ తేదీ ఇంకో రకంగా కూడా గుర్తు. ముందురోజు రాత్రి వాచ్‌నైట్ ఆరాధన ఉంటుంది. పన్నెండు కొట్టగానే గంట మోగుతుంది, హ్యాపీ న్యూ ఇయర్ అంటూ ఒకళ్ల చేతులు ఒకళ్లు పట్టుకుంటారు. ఆ తర్వాత పళ్లెంలో బోర్లించి పెట్టిన వాగ్దాన కార్డులు వస్తాయి. కొందరు కళ్లు మూసుకుని తీస్తారు. కొందరు పైది వదిలేసి అడుగునుంచి లాగుతారు. ఫోన్ వెలుగులో చదువుకుని పక్కవాళ్లకు చూపిస్తారు. పొద్దున్నే ఆ కార్డు బీరువా అద్దానికో, ఆటో ముందరి అద్దానికో ఎక్కుతుంది. అదే రాత్రి చాలామంది కార్డు మీద లేని మాట ఒకటి లోలోపల దేవుడితో అనుకుంటారు. మందు ముట్టను. ఇంట్లో చెయ్యి ఎత్తను. అన్నతో గెట్టు తగాదా ఈ ఏడు తెంపేసుకుంటాను. ఫోన్‌లో ఆ పాడు ఆటలకు డబ్బు పెట్టను.

ఆ తీర్మానాల్లో మోసం లేదు. ఆ రాత్రి వాళ్ల కళ్లల్లో నీళ్లు నిజమైనవే. నేను ఇవాళ మాట్లాడదలచుకున్నది జనవరి ఒకటి గురించి కాదు, జనవరి రెండు గురించి. పండగ ముగిసి, మొదటి షిఫ్టుకు హారన్ పడి, బెల్టు షాపు ముందునుంచే నడిచి వెళ్లాల్సిన రోజు గురించి. ఆ రోజున మనిషికి బలం ఎక్కణ్ణుంచి రావాలి? దేవుడి దగ్గర్నుంచి అని ఇక్కడున్న పిల్లలు కూడా చెప్తారు. జవాబు సరైనదే. మరి ఏ దారిన వస్తుంది అని అడిగితే మాత్రం మన ప్రసంగ పీఠాలు తడబడతాయి.

ఎందుకంటే మనం వారం మార్చి వారం రెండు రకాల ప్రసంగాలు చేస్తున్నాం. ఒక ఆదివారం గద్దిస్తాం: నీకు పట్టుదల లేదు, ప్రార్థన చాలడం లేదు, ఉపవాసం ఉండు, ఇంకా గట్టిగా పట్టుకో. విన్నవాడు బిగపట్టుకుంటాడు. సంక్రాంతి దాకా లాగుతాడు. కనుమ రోజు పడతాడు. ఇంకో ఆదివారం ఓదారుస్తాం: నీవల్ల కాదు, నువ్వేమీ చెయ్యక్కర్లేదు, అంతా ఆయనే చేస్తాడు. విన్నవాడు తేలికపడి ఇంటికి పోతాడు, ఆయన చేసేదాకా ఎదురుచూస్తాడు, ఆలోగా తను చేసేది చేస్తూనే ఉంటాడు. కరెంటు పైనుంచి వస్తుంది గాని స్టార్టర్ నువ్వు నొక్కాలి అని మధ్యేమార్గంగా ఒక ఉపమానం కూడా చెప్తాం. అది ఎంత అరిగిపోయిందంటే, బోధకుడు మోటారు అనగానే వెనక వరసలో పిల్లలు మిగతాది పూర్తి చేస్తారు.

ఈ చిక్కు మన సంఘాల్లో పుట్టింది కాదు, పౌలు నాటినుంచీ ఉంది. రోమా పత్రిక ఏడో అధ్యాయంలో ఆయన మొర మనందరికీ తెలుసు. చెయ్యాలనుకున్నది చెయ్యలేకపోతున్నాను, వద్దనుకున్నదే చేస్తున్నాను అన్న బాధ అది. ఉత్తర ఆఫ్రికాకు చెందిన అగస్టీను 386లో మిలాన్‌లో ఒక తోటలో కూర్చుని ఏడ్చిందీ అందుకే. చదువు ఉంది, సత్యం తెలుసు, దేవుణ్ణి ఒప్పుకున్నాడు, అలవాటు మాత్రం వదల్లేదు. పవిత్రత ఇమ్మని అడుగుతూనే, ఇప్పుడే వద్దులే అని లోపల బేరమాడుకున్నానని ఆయనే రాసుకున్నాడు. తర్వాతి రోజుల్లో పెలేజియస్ అనే సన్యాసి, మనిషి తల్చుకుంటే మంచిగా బతకగలడని బోధిస్తే, అగస్టీను చివరిదాకా ఎదిరించాడు. కృప లేకుండా తల్చుకోవడం కూడా సాధ్యం కాదన్నాడు. సంఘం అగస్టీను పక్షాన నిలిచింది. సిద్ధాంతంలో మనమంతా అగస్టీను వాళ్లమే. జనవరి రెండున మాత్రం పెలేజియస్ శిష్యులమైపోతాం.

ఇక అజరయ్య గారి దగ్గరకు వస్తాను. ఆయన రాసిన సిద్ధాంత గ్రంథమేదో విప్పి చూపడం నా ఉద్దేశం కాదు. మన ప్రాంతంలో ఆయన చేసిన పనిలోనే ఈ ప్రశ్నకు జవాబు ఉంది. అది ఆయన బోధించిన మాటల్లో కన్నా నడిపించిన పద్ధతిలో ఎక్కువ కనబడుతుంది.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో, వెల్లాలన్‌విలై అనే ఊళ్లో పుట్టారు. తండ్రి గ్రామ గురువు. మద్రాసులో చదువు, ఆ తర్వాత వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దేశమంతా తిరుగుడు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుషులతో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకున్నప్పుడు ముందు నిలబడ్డవాళ్లలో ఆయన ఒకరు. ఆ సొసైటీ ఎంచుకున్న సువార్త పొలం నిజాం రాజ్యంలోని దోర్నకల్. ఇతరులను పంపిస్తూ తాను మద్రాసులో కూర్చోవడం ఆయనకు నచ్చలేదు. 1909లో ఉద్యోగం వదిలి, అభిషేకం పొంది, భార్య అన్బు మరియమ్మాళ్‌తో, పిల్లలతో దోర్నకల్ వచ్చారు. అప్పటికి ముప్పై అయిదేళ్లు. మాతృభాష తమిళం. తెలుగు ఓనమాల దగ్గర్నుంచి మొదలుపెట్టారు. నాలుగేళ్లు తిరక్కుండానే, 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే.

దోర్నకల్ అంటే మనకు జంక్షన్. ఇల్లెందు బొగ్గు బయటికి పోవడానికి అక్కణ్ణుంచి లైను చీలింది. ఆ బొగ్గు తవ్విన సింగరేణి కంపెనీయే ఇవాళ మన సత్తుపల్లిలో ఓపెన్‌కాస్ట్ తవ్వుతోంది. ఈమధ్యే కొత్తగూడెం వైపునుంచి బొగ్గు రైలు మన ఊరిదాకా వచ్చింది. అజరయ్య గారు ఎడ్లబండి మీద, సైకిలు మీద తిరిగిన నేల మనకు పరాయిది కాదని గుర్తుచెయ్యడానికే ఈ మాట. 1920ల నాటికి ఆయన డయోసిస్ విస్తరించి, పాత సి.ఎం.ఎస్. (చర్చ్ మిషనరీ సొసైటీ) పొలాలు కూడా దాంట్లో కలిశాయి. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెం వాటిలో ఒకటి. ఆ దుమ్ముగూడెం కథ రెండు ముక్కల్లో చెప్పి ముందుకు పోతాను. 1860ల్లో గోదావరి ఎగువన పడవలు నడపాలని ప్రభుత్వం ఆనకట్టలు, కాలవలు మొదలుపెట్టింది. ఆ పనిమీద వచ్చిన ఇంజనీరు హేగ్ అనే సైనికాధికారి, కోయల కోసం అక్కడ మిషన్‌కు పునాది వేశాడు. ప్రభుత్వం పడవల పథకాన్ని మధ్యలోనే వదిలేసింది. మిషన్ నిలిచింది. జాన్ కెయిన్ అనే మిషనరీ ఆ అడవి అంచున ఏళ్లకేళ్లు ఉండిపోయి, కోయల భాష, ఆచారాలు రాసిపెట్టాడు. ఆ నేలమీద ఎవరైనా మారారంటే ఒక్క రాత్రి సభతో మారలేదు.

దోర్నకల్ పొలంలో సంఘంలోకి వచ్చినవాళ్లు ఎవరు? ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఊరి బయట పల్లెల్లో బతికినవాళ్లు. జీతగాళ్లుగా, కూలీలుగా, అప్పుకింద తరాలుగా కట్టుబడిపోయినవాళ్లు. చచ్చిన గొడ్డు మాంసమే గతి అయినవాళ్లు. అజరయ్య గారు వాళ్ల మీద నాలుగు దయ్యాలున్నాయనేవారు: మురికి, జబ్బు, అప్పు, తాగుడు. ఈ జాబితా నాకు ఎందుకు నచ్చుతుందంటే, తాగుడును ఆయన విడిగా తీసి పాపం అని వేలు చూపలేదు. అప్పు పక్కన, జబ్బు పక్కన కూర్చోబెట్టారు. అప్పులో మునిగినవాడికి తాగకు అని మాత్రమే చెప్పి వెళ్లిపోతే అది సగం సువార్త అని ఆయనకు తెలుసు.

మరి వాళ్లకు ఆయన ఏమిచ్చారు? సాయంత్రం ఇచ్చారు. పొద్దంతా దొర పొలంలో ఒంగి పనిచేసి వచ్చి, అంబలి తాగి, పిల్లల్ని పడుకోబెట్టాక పల్లెలో గంట మోగేది. ఒక దీపం. ఉపదేశకుడు, ఆయన భార్య. ఉపదేశకుడితో పాటు భార్యకు కూడా చదువు, తర్ఫీదు ఉండాలని దోర్నకల్‌లో పట్టుబట్టారు, ఎందుకంటే ఆడవాళ్ల ముంగిళ్లలోకి వెళ్లగలిగేది ఆమె. చదువు రాని జనం కాబట్టి ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం నోటికి నేర్పేవారు. యేసు కథలు చెప్పించేవారు. మళ్లీ వాళ్లచేత చెప్పించుకునేవారు. తెలుగు కీర్తనలు, కాలక్షేపం, కోలాటం, మన జనానికి ఏది నోట్లో నానుతుందో అది. ఇది వారానికి ఒకసారి కాదు, రాత్రి రాత్రి. కల్లు దుకాణం కళకళలాడే వేళా ఇదే వేళ. కల్లు మానమని చెప్పడం ఒక ఎత్తు, మానినవాడు ఆ గంటసేపు ఎక్కడ కూర్చోవాలో చూపడం ఇంకో ఎత్తు. దేవుని బలం ఆ పల్లెకు గంట మోత రూపంలో వచ్చింది, పొరుగింటివాడు లే, పోదాం పా అని తలుపు తట్టడం రూపంలో వచ్చింది.

రెండోది ఇంకా విచిత్రం. బాప్తిస్మం తీసుకున్న మనిషి తన చెయ్యి తన తలమీద పెట్టుకుని, సువార్త చెప్పకపోతే నాకు ముప్పే అన్న పౌలు మాటను తన మాటగా పలకాలి. మొదటి కొరింథీ పత్రిక తొమ్మిదో అధ్యాయంలోది ఆ మాట. ఒక్కసారి ఊహించండి. నిన్నటిదాకా దొర గుమ్మం ముందు చెప్పులు చేతబట్టుకుని నిలబడ్డవాడు, అక్షరం రానివాడు, ఇంకా నాలుక్కి కల్లు రుచి పోనివాడు. వాడిచేత ఈ మాట చెప్పించారు. ఏటా సాక్ష్యవారం అని పెట్టి, కొత్తగా కలిసినవాళ్లను కూడా పక్క ఊళ్లకు పంపించారు. ముందు బాగుపడు, తర్వాత చెప్దువుగాని అనలేదు. మనమైతే ఏమంటాం? కనీసం రెండేళ్లు చూద్దాం, నిలబడతాడో లేదో అంటాం.

ఇది తొందరపాటు అని అప్పట్లోనూ అన్నవాళ్లున్నారు. నేను అలా అనుకోను. ఊరికి పోయి యేసు నన్ను విడిపించాడని చెప్పినవాడు మర్నాడు అదే ఊళ్లో కల్లు దుకాణం మెట్లు ఎక్కలేడు. ఎక్కబోతే వాణ్ణి ఆపేది వాడి పట్టుదల కాదు, దుకాణదారే నవ్వుతాడు: ఏమయ్యా, మొన్న పాటలు పాడిపోయావుగా. అజరయ్య గారు బలహీనుణ్ణి దాచిపెట్టి బలవంతుణ్ణి చెయ్యాలని చూడలేదు. వాణ్ణి వీధిలో నిలబెట్టారు. ఇంకో సంగతి. ఆ తొమ్మిదో అధ్యాయం చివరి వచనాలకు వెళ్తే పౌలు పందెంలో పరుగెత్తేవాడి గురించి, ఒంటిని అదుపులో పెట్టుకోవడం గురించి చెప్పి, ఇతరులకు ప్రకటించిన నేనే చివరికి పనికిరానివాణ్ణి అవుతానేమోనన్న భయం బయటపెడతాడు. బాప్తిస్మపు మాటకు, ఆ భయానికి మధ్య ఎడం పదకొండు వచనాలే. ప్రకటించడం, అదుపులో ఉండడం ఒకే ఊపిరిలో వచ్చాయి. పౌలంతటివాడు తన బలహీనతను దాచుకోలేదు.

ఫలితం ఏమైంది? 1912లో కొద్దివేల మందితో మొదలైన డయోసిస్ ఆయన చివరి రోజులకు రెండు లక్షలు దాటింది. అంకె నాకు పెద్ద ముఖ్యం కాదు. ముఖ్యమైంది ఇది: 1930ల్లో శూద్ర కులాల వాళ్లు కూడా సంఘంలోకి రావడం మొదలైంది. ఎందుకు వస్తున్నారని అడిగితే, మా ఊరి మాల పల్లెలో, మాదిగ పల్లెలో వచ్చిన మార్పు చూశాం అన్నారు. తాగుడు తగ్గింది, తగాదాలు తగ్గాయి, పిల్లలు బడికి పోతున్నారు. మనం అంటరానివాళ్లని దూరం పెట్టిన మనుషులు మనకన్నా బాగా బతుకుతున్నారే అని వాళ్లకు అనిపించింది. ఆ రోజుల్లో గాంధీ గారు ఈ సామూహిక మతాంతరాలను గట్టిగా విమర్శించారు, అజరయ్య గారి రాతల మీద కూడా ఆయనకు అభ్యంతరాలున్నాయి. ఆ వాదంలోకి ఇవాళ పోను. వాదం ఎటు తేలినా, ఆ పల్లెల్లో బతుకులు మారాయి.

పికెట్ అనే అమెరికన్ మెథడిస్టు 1933లో భారతదేశంలోని సామూహిక ఉద్యమాల మీద పెద్ద అధ్యయనం ప్రచురించాడు. అందులో నాకు బాగా పనికొచ్చిన సంగతి ఒకటుంది. జనం ఏ ఉద్దేశంతో క్రైస్తవులయ్యారని ఆయన అడిగించాడు. కొందరు ఆత్మకు రక్షణ కోసమన్నారు, కొందరు జమీందారు బాధ తప్పించుకోవడానికన్నారు, కొందరు మా వాళ్లంతా మారారు కాబట్టి అన్నారు. పవిత్రమైన ఉద్దేశంతో వచ్చినవాళ్లే మంచి క్రైస్తవులవుతారని మనం అనుకుంటాం. ఆయనకు కనబడింది వేరు. వచ్చిన తర్వాత ఎంత బోధ దొరికింది, ఆరాధన ఎంత క్రమంగా జరిగింది, పెద్దలు ఎంత దగ్గరగా చూసుకున్నారు, వాటిమీదే ఎక్కువ ఆధారపడింది. అంటే డిసెంబర్ 31 రాత్రి నీ తీర్మానం ఎంత స్వచ్ఛమైందో అన్నదానికన్నా జనవరిలో నీ చుట్టూ ఎవరున్నారన్నది పెద్ద ప్రశ్న.

ఫిలిప్పీ పత్రిక రెండో అధ్యాయంలో పౌలు రెండు మాటల్ని పక్కపక్కనే పెట్టాడు. మీ రక్షణను భయంతో, వణుకుతో కొనసాగించుకోండి అంటాడు, ఎందుకంటే మీలో కోరికను, పనిని పుట్టించేది దేవుడే అంటాడు. మనం ఆ వాక్యాన్ని రెండు ముక్కలు చేసి, రెండు ఆదివారాలకు పంచుకున్నాం. ఇంకో సంగతి కూడా వదిలేశాం. ఆ మాట ఒక్క మనిషికి రాసింది కాదు. మీ అన్నది, మీలో అన్నది సంఘం మొత్తానికి చెప్పింది. నేను, నా దేవుడు, నా వాగ్దాన కార్డు అనుకునే ఒంటరి పోరాటాన్ని ఆ పత్రిక ఎరగదు.

మన దగ్గర దీనికి అడ్డుపడేది ఒకటుంది. సాక్ష్యం చెప్పే పద్ధతి. మన కూటాల్లో సాక్ష్యాలన్నీ గెలిచిన యుద్ధాలే. ఒకప్పుడు నేను తాగేవాణ్ణి, భార్యను కొట్టేవాణ్ణి, ఫలానా ఉపవాస కూటంలో ప్రభువు ముట్టాడు, ఆ రోజు నుంచి మందు ముట్టలేదు. చప్పట్లు, స్తోత్రం. అది నిజమైతే మంచిదే. కాని వెనక బెంచీలో కూర్చున్నవాడు ఈ శుక్రవారమే పడ్డవాడు. వాడికి ఏం వినబడుతుంది? దేవుడు కొందర్నే ముడతాడు, నన్ను ముట్టలేదు అని. పోయిన నెల రెండుసార్లు పడ్డాను, ఇవాళ లేచి వచ్చాను, నాకోసం అడగండి అని నిలబడి చెప్పినవాణ్ణి నేను మన సభల్లో చూడలేదు. మైకు ఇచ్చేవాళ్లు కూడా ఇవ్వరు. సాక్ష్యం పాడైపోతుందని భయం. రెండో కొరింథీ పన్నెండో అధ్యాయంలో పౌలు తన ఒంట్లోని ముల్లు తీసెయ్యమని ప్రభువును మూడుసార్లు అడిగి, తీసెయ్యలేదని బహిరంగంగా రాసుకున్నాడు. మన కూటంలో ఆ సాక్ష్యానికి మైకు దొరుకుతుందా?

అమెరికాలో 1935లో ఏక్రన్ అనే ఊళ్లో ఇద్దరు తాగుబోతులు కలిశారు. ఒకడు న్యూయార్క్ షేర్ల వ్యాపారంలో పాడైపోయినవాడు, ఇంకొకరు డాక్టరు. అక్కణ్ణుంచి పుట్టింది ఆల్కహాలిక్స్ అనానిమస్. వాళ్ల మొదటి మెట్టు తాగుడు ముందు మాకు శక్తి లేదని ఒప్పుకోవడం. రెండోది, మాకన్నా పెద్ద శక్తి మమ్మల్ని బాగుచెయ్యగలదని నమ్మడం. వాళ్లు ఇందులో కొంత క్రైస్తవ ఉద్యమాల దగ్గరే నేర్చుకున్నారు. చిత్రం ఏమిటంటే, శక్తి లేదని ఒప్పుకున్న ఆ మనుషులు రాత్రి ఒంటిగంటకైనా ఒకళ్లనొకళ్లు ఫోన్ చేసుకుని లేపుకుంటారు. ఇవాళ్టికి ఆగాను అని చెప్పుకుంటారు. మన సంఘం దగ్గరే ఉండాల్సిన పద్ధతి తాగుబోతుల సంఘం దగ్గర దొరికింది.

ఇక్కడ కాపర్లతో రెండు ముక్కలు గట్టిగా చెప్పాలి. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, నిద్రపట్టకపోవడం, లేనివి కనబడడం, ఒక్కోసారి ఫిట్సు రావడం జరుగుతుంది. ప్రాణానికే ముప్పు కావచ్చు. దాన్ని దయ్యం అని కూటంలో పడుకోబెట్టి అరవకండి. ఖమ్మం తీసుకెళ్లండి, డాక్టరుకు చూపించండి, మందులు వాడనివ్వండి. డాక్టరు దగ్గరకు నడిపించిన పెద్ద కూడా దేవుని బలానికి ఒక దారే. రెండోది: తాగొచ్చి కొట్టేవాడి భార్య వచ్చి కాపరి ముందు ఏడిస్తే, ప్రార్థన చెయ్యమ్మా, ఓర్చుకో, ప్రభువు మారుస్తాడు అని పంపించేస్తున్నారు. వాడి మార్పు భారాన్ని ఆమె వీపు మీద పెడుతున్నారు. ముందు ఆమెను, పిల్లల్ని దెబ్బలకు అందనంత దూరంలో పెట్టాలి. వాడితో మాట్లాడాల్సింది మగ పెద్దలు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద లేచినప్పుడు భర్తలు తీర్మానాలు చేసేదాకా ఆగలేదు. దుకాణాలు మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబర్‌లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలిపోయింది, దుకాణాలు తిరిగొచ్చాయి. చట్టం దుకాణం మూయగలదు, దాహం మూయలేదు అని దాన్ని తేలిగ్గా కొట్టిపారేసే క్రైస్తవులతో నేను ఏకీభవించను. దుకాణం మూసి ఉన్న ఆ కొద్దికాలం ఎందరో పిల్లలు కడుపునిండా తిన్నారు.

ఇంకో మాట చెప్పకుండా దిగితే అజరయ్య గారికి అన్యాయం చేసినట్టవుతుంది. మనం వ్యక్తిగత మార్పు అనగానే మందు, సిగరెట్టు, కోపం, బూతులు అంటాం. కులం అనం. కూటంలో ఒకే బల్లలో చెయ్యి వేసినవాళ్లం, పెళ్లి సంబంధం దగ్గరకొచ్చేసరికి మాల ఇల్లా మాదిగ ఇల్లా అని అడుగుతున్నాం. రెడ్డి క్రైస్తవులు, కమ్మ క్రైస్తవులు వేరే లెక్క చూసుకుంటున్నారు. పాస్టరేట్ కమిటీ ఎన్నికలు ఏ లెక్కన జరుగుతాయో ఇక్కడ అందరికీ తెలుసు, నేను చెప్పక్కర్లేదు. ఏ వాచ్‌నైట్‌లోనూ ఎవరూ ప్రభువా, ఈ ఏడాది నాలోని కులం తీసెయ్యి అని అడగగా నేను వినలేదు. తాగుడు మానడానికి దేవుని బలం కావాలంటాం, ఇది మానడానికి అసలు ప్రయత్నమే అక్కర్లేదన్నట్టు బతుకుతున్నాం. దోర్నకల్‌లో 1939 ఎపిఫనీ రోజున ప్రతిష్ఠించిన ఆ కెతెడ్రల్‌ను చూసినవాళ్లకు తెలుసు. గుడి, మసీదు, చర్చి పోకడలు మూడూ కలిపి కట్టించారు ఆయన. కట్టడానికి పాతికేళ్లు పట్టింది. ఆ కప్పు కింద అన్ని కులాల వాళ్లు ఒకే గిన్నెలో తాగాలన్నది ఆయన పట్టు. కప్పు నిలబడే ఉంది.

నేను కోరేది ఏమిటో చెప్పి కూర్చుంటాను. కొత్త కూటాలు వద్దు. మనకు కూటాలకు కరువేం లేదు. సత్తుపల్లి, వేంసూరు, పెనుబల్లి, దమ్మపేట వైపు ప్రతి వీధిలోనూ గృహ ప్రార్థనలు జరుగుతున్నాయి. వాటిల్లో కొన్నింటిని చిన్నవిగా ఉంచండి, అయిదారు ఇళ్లకు మించకుండా. మైకు వద్దు, ప్రత్యేక ప్రసంగికుడు వద్దు. షిఫ్టులు మారే గని కుటుంబాలు ఉంటే, వాళ్ల షిఫ్టును బట్టి వేళ మార్చుకోండి. సెకండ్ షిఫ్టు దిగేవాడికి రాత్రి పొద్దుపోయాక పెడితే అది పక్షపాతం కాదు. కీర్తన ఒకటి పాడుకోండి, వాక్యం కొంత చదువుకోండి. తర్వాత ఒక్కటే ప్రశ్న, ఒకళ్లనొకళ్లు అడగాలి: ఈ వారం ఎలా గడిచింది? జవాబు గది దాటకూడదు. ఎవరైనా దాన్ని బజార్లో చెప్పారంటే ఆ గుంపు మూసేసుకోండి, మాట బయటికి పోవడం కన్నా నష్టం లేదు. ఆడవాళ్లు విడిగా కూర్చోవాలంటే కూర్చోనివ్వండి. కొన్ని మాటలు భర్తల ముందు రావు.

దానికి ముందు కాపర్లూ, పెద్దలూ కూర్చోవాలి. మీరు అడిగించుకోకుండా మనుషుల్ని అడగలేరు. డబ్బు లెక్కల దగ్గర, పదవుల దగ్గర, ఫోన్ దగ్గర మీ వారం ఎలా గడిచిందో మీ తోటి కాపరి ఒకరు అడగాలి. మీరు చెప్పాలి.

మళ్లీ పడితే ఏం చెయ్యాలని మీలో కొందరు అడుగుతారు. తప్పకుండా పడతాడు. మొదటి నెలలోనే పడొచ్చు. ఆ వారం రాకుండా ఉండిపోతాడు, సిగ్గుతో. అప్పుడు వాళ్ల ఇంటికి వెళ్లండి. ఎందుకు రాలేదని అడక్కండి, వాడికి తెలుసు, మీకూ తెలుసు. టీ తాగి, వచ్చే బుధవారం ఏ ఇంట్లో కలుస్తున్నామో చెప్పి రండి. బుధవారం మళ్లీ వెళ్లి వెంటబెట్టుకుని తీసుకురండి.